పట్టుపురుగుల గదిలో చివరి కార్డు

రోహిణి కార్తె, మొదటి రోజు

పొద్దున అంబలి ఇంకా నోట్లో పెట్టుకోలేదు, మగ్గాల వీధి నుంచి కబురొచ్చింది. పంకా ఆగిపోయిందంట. పోయి చూస్తే నిజమే. రెక్కలు నిలబడి ఉన్నాయి. కింద పిల్లలు మెడలెత్తి వాటిని లెక్కపెడుతున్నారు. గిర్రున తిరిగే పంకానే చూసినోళ్ళు కదా, దానికి విడివిడిగా రెక్కలుంటాయని ఇప్పుడే తెలిసినట్టుంది.

ప్రతి పంకా పక్కన గోడలో ఒక డబ్బా, డబ్బాలో అరచెయ్యంత కంప్యూటర్ బోర్డు ఉంటుంది. గాలి ఎంత వేడెక్కింది, ఎంత చెడింది చూసుకుని పంకాను ఎంత జోరుగా తిప్పాలో చెప్పేది అదే. మోటారుకు తిన్నగా కరెంటిస్తే కదలదు, బోర్డు చెప్తేనే తిరుగుతుంది. మగ్గాల వీధి బోర్డు బాగానే ఉంది. చచ్చింది దాని మెమరీ కార్డు. బోర్డు లేచేటప్పుడు చదువుకునే సిస్టమంతా ఆ గోరంత కార్డులోనే ఉంటుంది. ఏళ్ళ తరబడి రాసి, చెరిపి, మళ్ళీ రాసి అరిగిపోయింది.

భూమి కింద తొలిచిన మా చల్లగవిలో ఇట్లా కార్డు పోవడం కొత్త కాదు. స్నానాల గదిది పోయిన ఏడే పోయింది, బడిది ఈ మధ్య పోయింది. ఇంక అదనపు కార్డు ఒక్కటీ లేదు. కొత్తవి చేసేవాళ్ళు భూమ్మీద ఎక్కడైనా మిగిలారో లేదో కూడా తెలియదు.

"దిగులెందుకుమ్మా, సంచెడు పెన్‌డ్రైవులు తెస్తివి గదా" అన్నాడు దస్తగిరన్న. గవిలో బోర్డుల పని నాది, తీగల పని ఆయనది. చలికాలంలో పైకి పోయినప్పుడు పెన్నేటి సంతలో దుమ్ము వడగట్టే పట్టు జల్లెడగుడ్డలిచ్చి ఆ సంచి తెచ్చినాను. అప్పుడు అందరూ నవ్వినారు. ఇప్పుడు నా వంతు. సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి బోర్డుకు గుచ్చితే సరిపోతుంది.

సాయంత్రానికి పంకా తిరుగుతుందని మగ్గాల వీధికి మాటిచ్చినాను. సాయంత్రం అయిపోయింది. తిరగలేదు.

రోహిణి కార్తె, రెండో రోజు

నిన్న నేను చేసింది తెలివితక్కువ పని. సిస్టమ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేసినాను, పాటలు కాపీ చేసినట్టు. అది అట్లా కాదు. ఆ ఫైలును విప్పి, లోపలి భాగాలు వేటికవి, అచ్చు దించినట్టు పెన్‌డ్రైవ్ మొత్తం మీద దించాలి. లేకపోతే బోర్డు కంటికి అదొక మూటలాగా కనపడుతుందే తప్ప, మూటలో ఏముందో తెలియదు.

ఈరోజు సరిగ్గా దించినాను. గుచ్చినాను. ఎర్రదీపం వెలిగింది. పక్కన పచ్చదీపం మినుకుమనాలి, సిస్టమ్‌ను చదువుతున్నాననడానికి గుర్తు. మినుకుమనలేదు. బోర్డుకు తగిలించిన తెర మీద చీకటి.

ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టినాను. ఇంకో రంధ్రంలో గుచ్చినాను. ఊది గుచ్చినాను. దస్తగిరన్న తన చేత్తో గుచ్చుతానన్నాడు, సరే అన్నాను. ఆయన బిస్మిల్లా అని గుచ్చినాడు. చీకటే.

మధ్యాహ్నం వంటశాల పంకా కూడా ఆగింది. వంటోళ్ళు రొట్టెలు కాల్చడం మానేసి, నానబెట్టిన అటుకులు పెట్టినారు. ఒకపూటకు బాగానే ఉంది.

రోహిణి కార్తె, మూడో రోజు

గవిపెద్ద కుళ్ళాయమ్మత్త పొద్దున్నే వచ్చింది. మనిషి కంటే ముందు ఆమె నవ్వు వస్తుంది. నా పక్కన చతికిలబడి బోర్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమే సుంకులూ, దీనికి పెన్‌డ్రైవ్ రుచించలేదేమో. ఇంకోదానికి పెట్టి చూడరాదూ?"

"అన్నీ ఒకటే బోర్డులత్తా."

"నాకు నలుగురు కొడుకులు. అందర్నీ నేనే కన్నా. ఒకడు కాకరకాయ తింటాడు, ముగ్గురు తినరు."

ఆమె మాట తీసెయ్యలేక పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆగిపోయిన పంకాలన్నిటి దగ్గరికీ తిరిగినాను. బడిలో లేవలేదు. వంటశాలలో లేవలేదు. చివరికి స్నానాల గది. ఆడవాళ్ళ పూట కాబట్టి దస్తగిరన్న బయటే నిలబడినాడు. నేను ఆవిరిలో తడుముకుంటూ పోయి గుచ్చినాను.

పచ్చదీపం మినుకుమంది! తెర మీద అక్షరాలు జలజల రాలినాయి. సంవత్సరం నుంచి కదలని పంకా దుమ్ము దులుపుకుని తిరిగింది. ఆ దుమ్మంతా స్నానం చేసి అప్పుడే బయటికొచ్చిన వాళ్ళ మీద పడింది. నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

"ఏమైందమ్మా?" అని బయటి నుంచి దస్తగిరన్న కేక.

"లేచిందన్నా!"

"ఎవరు?"

అయితే పెన్‌డ్రైవ్‌లో లోపం లేదు. దించిన సిస్టమ్‌లోనూ లేదు. తేడా బోర్డులో ఉంది. అన్నీ ఒకే రకమే, ఒకే చోట చేసినవే. మరి ఈ ఒక్కదానికి ఏం తెలుసు, మిగతావాటికి ఏం తెలియదు?

రోహిణి కార్తె, ఐదో రోజు

నిన్న రాయలేదు. పెద్దదారి పంకా కూడా పోయింది. మగ్గాల వీధి వాళ్ళు చాపలు తీసుకుని స్నానాల గది బయట చేరినారు. పైన ఎండ ఎట్లుందంటే, మెట్ల దగ్గరి ఇనుప తలుపు మీద నీళ్ళు చల్లితే కింద పడకముందే ఆవిరైపోతున్నాయి. మృగశిర వచ్చేదాకా ఎవరూ పైకి పోలేరు. కాబట్టి కిందే బతకాలి, కింద బతకాలంటే గాలి కావాలి.

ఇప్పుడు కార్డుతో నడుస్తున్న పంకా ఒక్కటే మిగిలింది, పట్టుపురుగుల గదిది. స్నానాల గది బోర్డుతో పోల్చాలంటే నడుస్తున్న ఇంకో బోర్డు కావాలి. అందుకని అక్కడికి పోయినాను.

ఆ గది ఈరన్న మామది. పొడుగ్గా, మల్బరీ పుల్లలాగా ఉంటాడు. పురుగులకు చప్పుడు పడదని ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడతాడు. కోపం వచ్చేకొద్దీ గొంతు ఇంకా తగ్గిపోతుంది. బాగా కోపమొస్తే పెదాలు కదులుతాయి, మాట వినపడదు.

"చూసి పోతా మామా, చెయ్యి పెట్టను."

పెదాలు కదిలినాయి. వద్దన్నాడనుకుంటా. నేను రమ్మన్నాడనుకుని లోపలికి పోయినాను.

బోర్డు తన ఒంటి మీద పడిన గుర్తులన్నీ అడిగితే వరసలుగా చూపిస్తుంది. స్నానాల గది దాని గుర్తులు కాగితం మీద రాసుకుని పోయినాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసినాను. అన్ని వరసలూ ఒకటే, ఒక్క వరస తప్ప. అక్కడ దానికి మూడు ఉంటే, ఇక్కడ దీనికి ఒకటి ఉంది.

బోర్డుల పాత పుస్తకంలో ఎప్పుడో చదివింది గుర్తొచ్చి, అప్పుడు అర్థమైంది. ఈ పాతరకం బోర్డులు పుట్టినప్పుడు కార్డు నుంచి మాత్రమే లేస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచి కూడా లేవొచ్చని వాటికి ఒక అనుమతి ఇవ్వాలి. ఒకసారి ఇస్తే చాలు, ఇంక చెరగదు. నాకంటే ముందు బోర్డులు చూసినవాళ్ళెవరో స్నానాల గది దానికి ఆ అనుమతి ఇచ్చి ఉంటారు. మిగతావాటికి ఇవ్వాలంటే, కార్డులో ఒక్క వాక్యం రాసి, ఆ కార్డుతో ప్రతి బోర్డునూ ఒక్కసారి లేపాలి.

బతికున్న కార్డు ఒక్కటే ఉంది. అది ఈరన్న మామ గోడలో ఉంది.

రోహిణి కార్తె, ఆరో రోజు

కుళ్ళాయమ్మత్త, దస్తగిరన్న, నేను, ఈరన్న మామ గది బయట కూర్చున్నాం. నేను ఉన్నదున్నట్టు చెప్పినాను. ముందు ఈ బోర్డుకే అనుమతి ఇస్తాం. దానికోసం ఒకసారి ఆపి లేపాలి. తర్వాత దానికి పెన్‌డ్రైవ్ పెట్టి, కార్డు తీసుకుని మిగతా బోర్డుల దగ్గరికి పోతాం.

"ఆపినాక ఈ కార్డు మళ్ళీ లేవకపోతే?" ఈరన్న మామ గుసగుస.

"అరిగిపోయిన కార్డు మామా. లేవకపోవచ్చు. లేవకపోతే నీ పంకా కూడా పోతుంది, మిగతావి బాగుపడే దారీ పోతుంది."

"చెయ్యకపోతే?"

"ఎప్పుడో ఒకరోజు దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు."

ఆయన తలుపు సందులోంచి లోపలికి చూసినాడు. లోపల పురుగులు చంద్రికల మీదికెక్కినాయి. చంద్రికలంటే పురుగులు గూళ్ళు కట్టుకోవడానికి చుట్టలు చుట్టలుగా అల్లిన వెదురు తడకలు. ఈ దశలో గాలి ఆడకపోతే పురుగు దారం తియ్యడం మధ్యలో ఆపేసి చచ్చిపోతుంది. పట్టు లేకపోతే జల్లెడగుడ్డ లేదు. జల్లెడగుడ్డ లేకపోతే పైనుంచి వచ్చే ఎర్రదుమ్ము పంకాలనే మింగేస్తుంది. ఆయన భయం ఆయన పురుగుల కోసం మాత్రమే కాదని మా ముగ్గురికీ తెలుసు.

కుళ్ళాయమ్మత్త మోకాళ్ళు చరుచుకుంది. "దానికేముంది! పంకా నిలబడినంతసేపూ మనం విసురుదాం. గవిలో ఎన్ని చేటలున్నాయో అన్నీ తెప్పిస్తా."

"ఊరంతా నా గదిలోకా?" ఈరన్న మామ గొంతు దాదాపు మాయమైంది.

"ఊరంతా. నోరు మూసుకుని."

ఆయన షరతులు పెట్టినాడు. కాళ్ళూ చేతులూ కడుక్కుని రావాలి. ఒక్క మాట మాట్లాడకూడదు. ఘాటు వాసన పురుగులకు పడదు కాబట్టి రేపు పొద్దున్నుంచి ఎవరూ ఎర్రగడ్డ తినకూడదు. అన్నిటికీ ఒప్పుకున్నారు. ఎర్రగడ్డ దగ్గర మాత్రం దస్తగిరన్న కొంచెం బాధపడినాడు.

రోహిణి కార్తె, ఏడో రోజు

రాత్రయింది, ఇప్పుడే రాయడానికి కూర్చున్నాను.

జనం చేటలతో వరసగా చంద్రికల మధ్య నిలబడినారు. తొందరలో చేట దొరకనివాళ్ళు పళ్ళెం తెచ్చినారు. మగ్గాల వీధి నుంచి ఒకామె తలుపు మీది తడకనే ఊడబీక్కొచ్చింది. కార్డులో ఆ ఒక్క వాక్యం రాసినాను. ఈరన్న మామ వైపు చూసినాను. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపినాడు. బోర్డును ఆపినాను.

పంకా నెమ్మదిగా తగ్గి, తగ్గి, నిలబడింది. గదిలో ఇంతకాలం ఎవరికీ వినపడని చప్పుడొకటి వినపడింది. సన్నగా, చిటచిటమని, ఎండుటాకు మీద తుంపర పడినట్టు. పురుగులు దారం తీసే చప్పుడు అది. కుళ్ళాయమ్మత్త చెయ్యెత్తింది. చేటలన్నీ ఒక్కసారి లేచినాయి.

కరెంటు ఇచ్చినాను. ఎర్రదీపం. పచ్చదీపం లేదు. దస్తగిరన్న నా భుజం పట్టుకున్నాడు. అప్పుడు ఒక మినుకు. ఇంకోటి. కార్డు లేచింది! గుర్తుల వరస అడిగితే ఒకటి పోయి మూడు కనపడింది. అనుమతి పడింది.

సగం పని అయింది. బోర్డును మళ్ళీ ఆపి, కార్డు తీసి, పట్టుగుడ్డలో చుట్టి కుళ్ళాయమ్మత్త చేతిలో పెట్టినాను. పెన్‌డ్రైవ్ గుచ్చినాను. పచ్చదీపం వెంటనే మినుకుమంది. తెర మీద రంగులొచ్చినాయి, అక్షరాలు మొదలైనాయి. మూలన పసుపుపచ్చని మెరుపు గుర్తొకటి తళుక్కుమంది, అంతే, తెర నల్లబడింది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ మెరుపు. మళ్ళీ చీకటి.

అనుమతి ఉంది. పెన్‌డ్రైవ్ బాగుంది. మరేంటి? చేటలు విసురుతున్నవాళ్ళ నుదుళ్ళ మీద చెమట కారుతోంది. మాట్లాడకూడదు కాబట్టి అందరూ కళ్ళతోనే నన్ను అడుగుతున్నారు. అంతమంది కళ్ళు ఒకేసారి అడగడం నేనెప్పుడూ చూడలేదు. అంతలో ఎవరికో ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. హిక్. చప్పుడు రాకుండా ఆపుకోబోయి ఇంకా పెద్దగా వచ్చింది. ఒకామె భుజాలు కదిలినాయి. పక్కామె చీరకొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు చేట నుంచి చేటకు పాకింది. అందరూ ఊగిపోతూ, కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా, ఒక్క చప్పుడు లేకుండా విసురుతున్నారు. కుళ్ళాయమ్మత్త గోడ వైపు తిరిగి నిలబడింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈరన్న మామ చెవి దగ్గరికి పోయి అడిగినాను. "కార్డు మళ్ళీ పెట్టేద్దామా మామా? అది లేస్తే పంకా తిరుగుతుంది."

ఆయన ఒక చంద్రిక మీదికి వంగి చూసినాడు. దారం తీసే పురుగు తల ఎనిమిది అంకె రాసినట్టు అటూ ఇటూ ఆడిస్తుంది. ఆపేసిందంటే ప్రమాదం. ఆయన ఒకదాన్ని చూసినాడు, పక్కదాన్ని చూసినాడు, నడుం పట్టుకుని కింది వరస కూడా చూసినాడు.

"తలలు ఆడిస్తానే ఉండాయి. ఈళ్ళ గాలి బాగుంది" అన్నాడు. "వెనక్కి పోవద్దు. ఆ మెరుపు గుర్తేందో చూడు."

మెరుపు గుర్తు! నేను పచ్చదీపాన్నే చూస్తూ దాని సంగతి మరిచినాను. కరెంటు చాలడం లేదని బోర్డు చెప్పే మాట అది. కార్డు కంటే పెన్‌డ్రైవ్ ఎక్కువ కరెంటు తాగుతుంది. ఈ గది అన్నిటికన్నా లోతున ఉంది, పైనుంచి వచ్చే తీగ సన్నం, పొడవు. దారిలోనే బలం తగ్గిపోతోంది. స్నానాల గది పైమెట్ల పక్కనే ఉంది కాబట్టి అక్కడ ఈ తంటా రాలేదు.

దస్తగిరన్న చేతిలో బోర్డుకొచ్చే సన్నతీగను పెట్టి మెరుపు గుర్తు చూపించినాను. ఆయన కళ్ళు పెద్దవైనాయి. చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద గది దాటి, తలుపు దాటగానే పరుగందుకున్నాడు. ఆ వయసులో ఆ పరుగు! తిరిగొచ్చేటప్పుడు నెత్తిన బడి దీపాల బ్యాటరీ, భుజాన లావుపాటి తీగ చుట్ట. బ్యాటరీని బోర్డు పక్కనే పెట్టి, జానెడు లావుతీగతో కలిపినాడు.

పెన్‌డ్రైవ్ గుచ్చినాను. రంగులు. అక్షరాలు. మూలన చూస్తూ కూర్చున్నాను. మెరుపు రాలేదు. అక్షరాలు పారుతూనే ఉన్నాయి. తర్వాత మోటారు ఒకసారి మూలిగింది, రెక్క కదిలింది, ఇంకో రెక్క కదిలింది, గాలి నా ముఖానికి తగిలింది.

ఎవరూ అరవలేదు. అరవకూడదని మాటిచ్చినారు కదా. చేటలన్నీ గాల్లోకి లేచి ఊగినాయి. మనుషులు నోళ్ళు బార్లా తెరిచి, గొంతు లేకుండా కేకలు పెట్టినారు. ఒకరినొకరు వాటేసుకున్నారు. దస్తగిరన్న బ్యాటరీ పక్కన కూలబడి రెండు చేతులూ పైకెత్తినాడు. అంత పెద్ద పండగ, అంత నిశ్శబ్దంగా.

బయటికొచ్చి తలుపు మూసినాక పెద్దదారి మొత్తం దద్దరిల్లేటట్టు ఒక కేక వినపడింది. ఎవరా అని తిరిగి చూస్తే ఈరన్న మామ. ఆయనకంత గొంతుందని ఆయనకే తెలియనట్టుంది. చేత్తో నోరు మూసుకున్నాడు.

మృగశిర కార్తె, రెండో రోజు

కార్డు పట్టుగుడ్డలో బోర్డు నుంచి బోర్డుకు తిరిగింది. మగ్గాల వీధి లేచింది. వంటశాల లేచింది. పెద్దదారి లేచింది. దస్తగిరన్న ప్రతి చోటా తీగ మార్చి బిగించినాడు. బడి బోర్డు దగ్గర మాత్రం కార్డు ప్రాణం వదిలింది. ఎంత బతిమాలినా లేవలేదు. అందుకని బడి ఇప్పుడు స్నానాల గది వసారాలో నడుస్తోంది. పిల్లలకు అంతకన్నా కావలసింది లేదు, ఎక్కాలు ఒప్పజెప్పి అట్లే నీళ్ళలోకి దూకుతున్నారు.

ఈరోజు మధ్యాహ్నం పైన వాన మొదలైంది. మాకెవరూ చెప్పలేదు. పంకాలన్నీ ఒక్కసారిగా తడిమన్ను వాసన లోపలికి లాగినాయి. మగ్గాలు ఆగినాయి. వంటోళ్ళు పిండి చేతులతోనే దారిలోకొచ్చి నిలబడినారు. కుళ్ళాయమ్మత్త మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, ముక్కు పైకెత్తి అట్లే ఉండిపోయింది. అందరం ఊరికే నిలబడి గాలి పీల్చినాం.

అప్పుడు ఈరన్న మామ పరుగెత్తుకుంటా వచ్చినాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఇదేం కోపమో అర్థం కాలేదు. నేను ఆయన నోటి దగ్గర చెవి పెట్టినాను.

"తేమగాలి సుంకులూ! వెనకగా పొదిగించిన రెండో విడత పురుగులు ఇప్పుడే చంద్రికలెక్కినాయి. తేమ తగిలితే గూళ్ళు మెత్తబడి పాడైపోతాయి. వాన వెలిసేదాకా నా పంకా ఆపు, చేటలతో విసురుకుందాం!"

అంత దిగులులోనూ నాకు నవ్వాగలేదు. ఆయనతో పాటు ఆ గదికి పోయినాను. బోర్డు ముందు కూర్చుని ఆపే మాట రాసినాను. చివరి మీట మీద వేలు పెట్టినాక ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపితే మళ్ళీ లేస్తాదా?"

"లేస్తాది మామా" అన్నాను.

ఆయన చెయ్యి వదిలినాడు. నేను మీట నొక్కినాను.